ఎడమ సీటు

నేను అమెరికా ఎప్పుడూ వెళ్ళలేదు. నా పాస్‌పోర్టులో మలేసియా ముద్రలూ, రెండుసార్లు విశాఖపట్నం వెళ్ళొచ్చిన ముద్రలూ తప్ప ఇంకేం లేవు. కానీ న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో ఒక పాత రోడ్డుంది. దాన్ని కళ్ళు మూసుకుని చెప్పమన్నా చెప్పేస్తాను. ఎక్కడ ఎగువ, ఎక్కడ దిగువ, ఎన్నో వంతెన దాటాక కుడికి తిరగాలి, బంగాళాదుంప చేలు ఎక్కడ మొదలవుతాయి, అన్నీ. సాయంత్రాలు సెంబవాంగ్‌లో మా ఫ్లాట్ల కింద నడుస్తుంటే కాళ్ళు ఇక్కడుంటాయి, మనసు ఆ రోడ్డు మీదుంటుంది. పక్కింటి చైనీస్ ఆంటీ "ఏంటి, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావు?" అంటుంది. ఏం చెప్పను? చూడని రోడ్డు మీద బెంగ పెట్టుకున్నానంటే నమ్ముతుందా?

మొన్న మన తెలుగువాళ్ళ భోజనాల్లో, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు నలుగురు నా పక్కన కూర్చున్నారు. "ఆంటీ, మీరు కూడా ఐటీలో చేశారా?" అని ఒకమ్మాయి అడిగింది. ఆ "కూడా"లో ఎంత ఆశ్చర్యమో! నాకు ఒళ్ళు మండింది. కానీ అన్నం తింటున్నాం కదా అని ఊరుకున్నాను. ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. నాది మా ఇంటి తెలుగు. మా తాత నేవల్ బేస్‌లో పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కాబట్టి మధ్యలో ఎక్కడైనా తమిళమో, మలాయో దొర్లితే మీరే సర్దుకోవాలి.

నేను మొదట కంప్యూటర్ మనిషిని కాదు. మ్యాపులు గీసేదాన్ని. పెద్ద మ్యాపు మీద పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము పరిచి, ఇంకు పెన్నుతో గీత మీద గీత గీయడం నా పని. ఆ ఫిల్ముకి ఒక మూల కత్తిరించి ఉంటుంది, ఏది పైవైపో తెలియడానికి. పనిలో చేరిన కొత్తలో నేనది చూసుకోకుండా ఒక షీటు మొత్తం తిరగేసి గీసేశాను. మా ద్వీపానికి తూర్పు కొసనుండే చాంగీ నా మ్యాపులో పడమటికి పోయింది! అందరి ముందూ మా సూపర్‌వైజర్ ఆ షీటు ఎత్తి పట్టుకుని "ఈ అమ్మాయికి సూర్యుడు ఎటు పొడుస్తాడో చెప్పండి" అన్నాడు. ముప్ఫై మంది నవ్వారు. ఆ రోజు నుంచి, తిరగబడిన బొమ్మ ఎక్కడున్నా పట్టేస్తానని నాకు గొప్ప నమ్మకం వచ్చింది. అంత నమ్మకం మనిషికి మంచిది కాదని తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇంకు పెన్నులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. నేనూ మారాను. డాట్‌కామ్ అన్నవాడికల్లా పని దొరికే రోజుల్లో ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో, నాలుగో అంతస్తులో ఒక చిన్న ఆఫీసులో చేరాను. కింద బిస్కెట్ల ఫ్యాక్టరీ. పొద్దున్న ఎనిమిదింటికల్లా వెన్న వాసన మెట్లెక్కి పైకొచ్చేది, మా అందరికీ ఆకలేసేది. మా ఆఫీసు కాగితం మ్యాపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించేది. తర్వాత్తర్వాత వెబ్‌సైట్లు, సీడీలు, ఏది అడిగితే అది. యజమానిని ఇక్కడ తౌకే అంటారు. మా తౌకే అరవై ఏళ్ళ చైనీస్ మనిషి, ఎవరేం అడిగినా "కెన్, కెన్" అనేవాడు. చేయగలమా లేదా అన్నది ఫోను పెట్టేశాక మేం చూసుకునేవాళ్ళం. కస్టమర్‌ని తిరిగి సందేహం అడగడం మా ఆఫీసులో నామోషీ. అడిగితే వీళ్ళకేమీ రాదనుకుంటారని.

అక్కడే నాకు భాయ్ పరిచయం. హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్లిం కుర్రాడు, ముప్ఫై దాటలేదు, బెడోక్‌లో భార్యతో ఉండేవాడు. నేను గీసిన గీతల మీద రోడ్లూ, చెట్లూ, ఇళ్ళూ నిలబెట్టి కంప్యూటర్లో ఒక ఊరు చేసేసేవాడు. నాతో తెలుగు, భార్యతో దక్కనీ, తౌకేతో ఈ ఊరి ఇంగ్లీషు. మూడూ ఒకే గుక్కలో మాట్లాడేవాడు. నన్ను అక్కా అనేవాడు. మధ్యాహ్నం మకాన్‌కి, అంటే తిండికి, బళ్ళన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్తే, ఇంకెవరూ కూర్చోకుండా టిష్యూ ప్యాకెట్టు పడేసి నాకు సీటు చోప్ చేసి పెట్టేవాడు. వాళ్ళావిడ పంపిన బగారా బైంగన్ సగం నాకే. ఇప్పటికీ వంకాయ చూస్తే భాయే గుర్తొస్తాడు.

ఇంక అసలు సంగతికొస్తాను.

అమెరికాలో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ క్లబ్బు ఒకటి మాకో పని పంపింది. అట్టగొట్టాల్లో చుట్టిన పాత సర్వే మ్యాపులు, పేపరు కత్తిరింపుల జిరాక్సులు, ఫొటోలు. వందేళ్ళ కిందట, కార్లు అప్పుడప్పుడే పుట్టిన రోజుల్లో, లాంగ్ ఐలాండ్‌లో ఊళ్ళ మధ్య మామూలు రోడ్ల మీదే కార్ల పందేలు పెట్టేవాళ్ళట. దుమ్ము లేవకుండా మట్టిరోడ్డు మీద నూనె పోసేవాళ్ళు. జనం ఆ రోడ్డు మీదికే వచ్చి నిలబడి, కారు దగ్గరికొచ్చాక పక్కకి దూకేవాళ్ళు. దూకలేనివాళ్ళు పోయేవాళ్ళు. ఇలా కాదని ఒక కోటీశ్వరుడు పూనుకుని, గుర్రబ్బండ్లూ మనుషులూ అడ్డు రాకుండా, కేవలం కార్ల కోసం కాంక్రీటు రోడ్డు వేయించాడు. అడ్డొచ్చిన దారులన్నిటి మీదా వంతెనలు కట్టించాడు. పందెం కొంత ఊరి రోడ్ల మీద, కొంత ఈ కొత్త రోడ్డు మీద. ఆ పందెం దారి మొత్తాన్ని మేం కంప్యూటర్లో మళ్ళీ కట్టాలి. సీడీ పెడితే ఆ కాలం కార్లో కూర్చుని ఒక చుట్టు తిరిగినట్టుండాలి.

నాలుగు నెలలు నేనా మ్యాపుల మీదే వంగి ఉన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని రోడ్లు గీశానో లెక్కలేదు. ఏదీ మనసుకి పట్టలేదు. ఇదెందుకు పట్టిందో తెలియదు. మన ఊళ్ళో రోడ్డంటే తిన్నగా వెళ్ళి, సిగ్నల్ దగ్గర ఆగి, ఇంకో తిన్నటి రోడ్డులో కలుస్తుంది. ఆ రోడ్డు అలా కాదు. చేల మధ్యన అటు ఊగి ఇటు ఊగి, వంతెనెక్కి, దిగి, ఎక్కడికీ తొందర లేనట్టు పోతుంది. పందేల కోసం వేసిన రోడ్డు అలా ఉందేంటా అని నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు అందులో చాలా ముక్కలు లేవట. మిగిలిన చోట సైకిళ్ళు తొక్కుకుంటారట.

ఆ క్లబ్బులో అందరికంటే పెద్దాయనకి తొంభై దాటాయి. ఆయన తండ్రి ఆ పందేల్లో మెకానిక్. అప్పట్లో డ్రైవర్ పక్కన ఇంకో సీటుండేది, అందులో మెకానిక్ కూర్చునేవాడు. చేత్తో నూనె పంపు కొడుతూ ఉండాలి, టైర్లు చూసుకోవాలి, వెనక ఎవడైనా దగ్గరికొస్తే డ్రైవర్ భుజం తట్టి చెప్పాలి. బెల్టు లేదు, తలుపు లేదు. ఒక పందెంలో, మలుపు దగ్గర, ఈయన తండ్రి కార్లోంచి ఎగిరి బయటపడి పోయాడు. అప్పటికి ఈయన తల్లి కడుపులో ఉన్నాడు.

ఆ పెద్దాయన కూతురు మాకు ఈమెయిల్ రాసింది. నాన్నగారికి చూపు తగ్గిపోతోంది, ఇంకొన్ని నెలలే అంటున్నారు డాక్టర్లు. తన తండ్రి సీట్లో కూర్చుని ఆ దారి ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. మెకానిక్ సీట్లోంచి కనిపించేలా ఒక చుట్టు విడిగా చేసిపెడతారా అని. తౌకే చదవకుండానే కెన్ అన్నాడు. నేను మాత్రం చదివాను. రెండుసార్లు చదివాను.

ఇక్కడే నా గొప్పతనం బయటపడింది.

ఆ తండ్రి ఎక్కిన కారు ఫొటోలు మూడు పంపారు. కారు ముందు ఎనిమిది అంకె, లోపల కళ్ళద్దాలు పెట్టుకుని, మొహమంతా మసి పూసుకున్న ఇద్దరు మనుషులు. స్టీరింగు కుడివైపుంది. నేను చూసీ చూడగానే "తిరగేసి ప్రింటు చేశారు" అన్నాను. అమెరికాలో స్టీరింగు ఎడమవైపు కదా! కుడివైపు మనకుంటుంది, ఇంగ్లీషువాళ్ళకుంటుంది. అమెరికావాళ్ళకెలా ఉంటుంది? పాతకాలం గాజు నెగటివులు తిరగబడటం మామూలే. చాంగీని పడమటికి పంపినదాన్ని, నాకు తెలియదా?

భాయ్ కాసేపు ఫొటో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమో అక్కా, నాకైతే డౌట్ కొడుతుంది. నంబరు సీదానే ఉంది గదా."

"ఎనిమిదిని ఎటు తిప్పినా ఎనిమిదే భాయ్."

"ఒక్క ఈమెయిల్ కొడదాం. వాళ్ళనే అడుగుదాం."

"ఇంత చిన్నదానికి అడిగితే మన మొహాన ఉమ్మేస్తారు. అమెరికా కార్లో స్టీరింగు ఎటుంటుందీ అని అమెరికావాళ్ళనే అడుగుతావా?"

"అక్కా, నూరేళ్ళ కిందటి కారు..."

"నూరేళ్ళ కిందటైతే మాత్రం అమెరికా ఇంగ్లండ్ అయిపోతుందా? నువ్వు చెట్లు పెట్టుకో నాయనా."

పాపం చిన్నబుచ్చుకుని చెట్లు పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. ఫొటోలు మూడూ నేనే కంప్యూటర్లో తిరగేశాను. ఫారం మీద "ఫొటోలు తిరగబడ్డాయి, సరిచేశాం" అని రాసి సంతకం కూడా పెట్టాను. డ్రైవర్ ఎడమవైపుకి, మెకానిక్ కుడివైపుకి మారిపోయారు. ఆ కుడి సీట్లోంచే చుట్టంతా తయారు చేశాం. అప్పటి కంప్యూటర్లు ఒక్కో బొమ్మా నింపాదిగా గీసేవి. అలాంటివి వేలకు వేలు వరసగా పెడితే ఒక చుట్టు. మూడు మెషీన్లు రెండు వారాలు కష్టపడ్డాయి. సీడీ కొరియర్‌లో పంపించి, ఆ రోజు నేనే అందరికీ కోపీ, అదే ఈ ఊరి కాఫీ, తాగించాను.

వారం తర్వాత కూతురి దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. ఒక్క కోపపు మాట లేదు. అదే నన్ను చంపింది. నాన్నగారు తెరకి మొహం ఆనించి మొత్తం చూశారు, మీ రోడ్డు చాలా బావుందన్నారు. కానీ ఒక్క మాట తన మాటల్లోనే మీకు రాయమన్నారు. ఆ రోజుల్లో మా కార్లకి కూడా స్టీరింగు కుడివైపే ఉండేది. మా నాన్న ఎడమవైపు కూర్చునేవాడు. ఆయన పోయిన మలుపు కుడికి తిరుగుతుంది. మీరు కూర్చోబెట్టిన చోట మా నాన్న కూర్చుని ఉంటే ఆ మలుపులో డ్రైవర్ ఒళ్ళో పడేవాడు, బతికేవాడు.

నేను గీసిన మలుపే. నెలల తరబడి దాని మీద వేలు పెట్టి తిరిగాను. కుడికి తిరిగే బండిలో మనిషి ఎడమకే తూలతాడని పదహారో నంబరు బస్సెక్కిన ఎవడికైనా తెలుస్తుంది. నాకు తట్టలేదు. భాయ్ నా వెనక నిలబడి చదివాడు. "నేను చెప్పలే?" అని ఒక్క ముక్క అంటే నాకు తేలిగ్గా ఉండేది. అనలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, "మళ్ళ చేద్దాం అక్కా" అన్నాడు.

తౌకే ఒప్పుకోలేదు. మెషీన్లన్నీ ఒక డాట్‌కామ్ కంపెనీ పనికి ఇచ్చేశాడు. కిందికి కోపీ షాపుకి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఐయా, లెఫ్ట్ సీట్, రైట్ సీట్, సేమ్ రోడ్ లా! ముసలాయనకి ఏం తేడా?" అన్నాడు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే "లా" తగిలించి.

"ఆయనకి అదే తేడా తౌకే. చూపు పోతోంది. పోయేలోపు ఇవ్వాలి."

"తప్పు ఎవరిది?"

"నాది. భాయ్ అడుగుదామన్నాడు. నేనే వద్దన్నాను."

ఆయన కప్పు కింద పెట్టి నా వంక చూశాడు. ఇన్నాళ్ళలో ఆ మాట నా నోటంట ఆయన వినలేదు. "వన్ మెషీన్," అన్నాడు. "వన్ ఓన్లీ."

ఒక్క మెషీను! మూడు చేసే పని ఒకటి చేయాలి. రోజూ పొద్దున్న రాగానే నేను మొదట చూసేది ఆ మెషీనే, పసిపిల్ల ఊపిరి చూసినట్టు. ఎంతవరకు వచ్చింది, ఆగిపోలేదు కదా. రెండుసార్లు ఆగిపోయింది కూడా. వంతెనలు ఒక్కొక్కటే దాటుతోంది. అక్కడ ఆయన చూపు రోజురోజుకీ పోతోంది, ఇక్కడ మాది నత్తనడక. ఇంట్లో అన్నం సహించేది కాదు. నా నోటి దురుసుతో ఆ పెద్దాయన ఆఖరి చూపుని తినేశానని రోజూ అనుకునేదాన్ని.

నాలుగో వారంలో భాయ్ అన్నాడు, "ఆ మలుపు కాడ ఆపేద్దామా అక్కా? ఆయన తండ్రి అక్కడిదాకనే పోయిండు గదా." నేను సరేనన్నాను. అక్కడ ఆపడమే మర్యాద అనుకున్నాం. మర్యాద సంగతి అటుంచండి, నిజానికి మాకు టైము లేదు. మలుపు దాకా అయిందే సీడీ మీదికెక్కించి పంపేశాం.

ఆ తర్వాత మేమంతా ఏమయ్యామో ఇక్కడే చెప్పేస్తాను. ఎందుకంటే ఆ రోజు గురించి చెప్పాక ఇంకేమీ చెప్పబుద్ధి కాదు నాకు. మరుసటేడు డాట్‌కామ్‌లు ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. తౌకే ఆఫీసు మూసేసి, మా చేతులు పట్టుకుని సారీ చెప్పి ఇంటికెళ్ళిపోయాడు. భాయ్‌కి గల్ఫ్‌లో పని దొరికింది. వెళ్ళేముందు వాళ్ళావిడతో మా ఇంటికొచ్చాడు, ముగ్గురం కూర్చుని టీవీ చూశాం. కొన్నాళ్ళు ఈమెయిళ్ళు రాసుకున్నాం, తర్వాత అవీ లేవు. నేను ఇంకో చోట చేరాను, ఇంకో పన్నెండేళ్ళు చేశాను. మంచి జీతం, మంచి కుర్చీ. ఒక్క రోజూ పొద్దున్నే పరిగెత్తుకెళ్ళి ఏ మెషీనూ చూడాలనిపించలేదు.

రిటైరయ్యాక మా మేనకోడలు ఇంటర్నెట్లో పైనుంచి కనిపించే మ్యాపు చూపించింది. ఆ రోడ్డు కోసం వెతికాను. ఇళ్ళ వెనకాల, కరెంటు తీగల కింద ముక్కలు ముక్కలుగా ఉంది. ఒక చోట వంతెన ఒక్కటే మిగిలింది, అటూ ఇటూ రోడ్డు లేదు. "వెళ్దాం ఆంటీ, నేను తీసుకెళ్తా లా," అంది మేనకోడలు. వెళ్ళాలని ఎంత ఉందో మీకు చెప్పలేను. మోకాళ్ళు వంకగా చెప్పి తప్పించుకున్నాను. అక్కడికెళ్ళి ఆ ఒక్క వంతెన కింద నిలబడితే, నాకు తెలిసిన రోడ్డు కూడా పోతుందేమోనని భయం.

సరే. ఆ రోజు.

రెండో సీడీ చేరిందని కొరియర్ వాడి కాగితం వచ్చింది. ఆ తర్వాత మూడు రోజులు ఏ కబురూ లేదు. నాలుగో రోజు పొద్దున్న ఆఫీసుకి రాగానే కూతురి ఈమెయిల్. సీడీ అందింది, చాలా థాంక్స్. కానీ నాన్నగారికి పోయిన వారమే రెండో కన్ను కూడా పోయింది. ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కారు శబ్దం వినిపించాం. మీ శ్రమకి మేము ఎప్పటికీ రుణపడి ఉంటాం అని.

వారం. ఒక్క వారం తేడా. రెండో మెషీను ఉంటే సరిపోయేది. అసలు నేను ముందే నోరు మూసుకుని ఒక్క ఈమెయిల్ రాయనిచ్చి ఉంటే, ఆయన ఎప్పుడో హాయిగా చూసేవాడు. టాయిలెట్‌లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. కింద బిస్కెట్ల వాసన మామూలుగానే వస్తోంది.

మొహం కడుక్కుని వచ్చి తౌకే గదిలోకి వెళ్ళి, అమెరికాకి ఫోను చేసుకుంటానన్నాను. ఆయన నా కళ్ళు చూసి, ఎందుకని కూడా అడక్కుండా తన ఫోనే నా వైపు తిప్పి, బయటికెళ్ళిపోయాడు. మనకి పొద్దున్న ఎనిమిదిన్నర, వాళ్ళకి ముందురోజు రాత్రి. కూతురే ఎత్తింది. నేను ఎవరో చెప్పి, "నాన్నగారికి ఫోను ఇస్తారా? చూడలేకపోతే నేను చెప్తాను," అన్నాను. ఆవిడ ఫోను స్పీకర్లో పెట్టింది.

బల్ల మీద మ్యాపు పరిచాను. భాయ్ తన కంప్యూటర్ని తీగలతో సహా ఆ గదిలోకి మోసుకొచ్చి, సీడీ పెట్టి, స్పీకరు ఫోను పక్కన ఉంచాడు. చెప్పిందంతా ఇంగ్లీషులోనే, అదీ ఈ ఊరి ఇంగ్లీషులో. ఆయనకి ఎంత అర్థమైందో దేవుడికే తెలియాలి.

"సార్, ఫొటోలు తిరగేసింది నేనే. క్షమించండి," అన్నాను ముందు.

"తెలిసింది," అన్నాడు ఆయన. సన్నటి గొంతు, కానీ గట్టిగా ఉంది. "ఇప్పుడు నన్నెటు కూర్చోబెట్టావు?"

"ఎడమ సీట్లో సార్. డ్రైవర్ మీ కుడిపక్కనున్నాడు. సీట్లు ఇరుకు. ఆయన మోచెయ్యి మీకు తగులుతుంటుంది."

"సరే," అన్నాడు. "బండి పోనీ."

భాయ్ నొక్కాడు. ఇంజను మోత మొదలైంది. నేను మ్యాపు మీద వేలు పెట్టాను. జనం కూర్చునే మంచెలు వెనక్కి పోయాయి సార్. రెండు పక్కలా బంగాళాదుంప చేలు. ముందు వంతెన, కొంచెం ఎగువ, పైకెక్కాక పొట్టలో తేలిపోయినట్టుంటుంది. ఎక్కాం. దిగుతున్నాం. మీ ఎడమచేతి వైపు కంచె, కంచె మీద ఇద్దరు మనుషులు ఎక్కి చూస్తున్నారు. కంచె నిజంగా ఉంది. మనుషులు నేను పెట్టినవాళ్ళు.

"వెనక ఎవరైనా వస్తున్నారా?" అని అడిగాడు.

"అది చూడాల్సింది మీరే సార్. మెకానిక్ మీరు కదా."

పెద్దగా నవ్వాడు ఆయన. నవ్వుతూ దగ్గాడు. అవతల కూతురు కూడా నవ్వింది, లేక ఏడ్చిందో. భాయ్ నా వంక చూసి బొటనవేలు ఎత్తాడు. అలా ఎన్ని వంతెనలు దాటామో. భాయ్ నీళ్ళ గ్లాసు జరిపాడు. తాగడానికి కూడా ఆగలేదు. రోడ్డు ఆగదు కదా. మధ్యలో ఆయన "నూనె కొడుతున్నాను," అన్నాడు తనలో తాను. చేత్తో ఏదో లాగుతున్నట్టు కుర్చీ కిర్రుమంది.

ఆ మలుపు వచ్చింది. మోత ఆగిపోయింది. మేం అక్కడిదాకే చేశాం మరి.

నా వేలు మలుపు మీద ఉంది.

"ఎందుకాపారు?" అన్నాడు.

"మలుపు దగ్గరికి వచ్చాం సార్. సినిమా ఇక్కడిదాకే చేశాం."

"రోడ్డు ఇక్కడితో అయిపోయిందా?"

"లేదు సార్."

"మరైతే పోనివ్వు."

నేను భాయ్ వంక చూశాను. భాయ్ కళ్ళు తుడుచుకుని, సీడీని మళ్ళీ మొదటికి తిప్పి నొక్కాడు. బొమ్మ వేరే చోటిది, మోత మాత్రం అదే మోత. నాకు బొమ్మ అక్కర్లేదు.

"గట్టిగా పట్టుకోండి సార్. కుడికి తిరుగుతున్నాం," అన్నాను.

"పట్టుకున్నాను."

తిప్పాను. వేలు కాగితం మీద ఎంత మెల్లగా జరిపానో. ఎడమకి తోస్తుంది సార్, బాగా తోస్తుంది, డ్రైవర్ చొక్కా పట్టుకోండి, అదిగో, అయిపోతోంది, అయిపోయింది. మలుపు దాటేశాం. తిన్నటి రోడ్డు. ఆయన ఊపిరి గట్టిగా వదిలాడు, ఫోన్లో గాలి కొట్టినట్టు వినిపించింది. ఆ తర్వాత దారి ఎడమ సీట్లోంచి ఎవరికీ చూపించలేదు మేము, ఎవరూ చూడలేదు. నేనే చెప్పుకుంటూ పోయాను. చెట్ల గుంపు. సుంకం వసూలు చేసే చిన్న ఇల్లు, గుమ్మంలో ఒకావిడ చెయ్యూపుతోంది. రెండు వంతెనలు. ఊరి రోడ్డులోకి వచ్చాం, కింద మట్టి, నూనె వాసన. మళ్ళీ చేలు. దూరంగా మంచెలు, జెండాలు. జనం లేచి నిలబడ్డారు.

"గీత దాటేశాం సార్," అన్నాను. "బండి ఆగింది."

భాయ్ మోత ఆపాడు.

"ఇద్దరూ దిగారా?" అని అడిగాడు పెద్దాయన.

"దిగారు సార్," అన్నాను. "ఇద్దరూ దిగారు."